డ్రైవరు పారేసిన మాత్రలు

డ్రైవరు రెండు మాత్రల్ని చెత్తబుట్టలో వేయడం ఆమె కంటబడింది.

"అదేం పని అన్నయ్యా?"

నెలకోసారి ఆస్పత్రి వరండాలో కలవడమే తప్ప, అతనెవరో ఆమెకు సరిగ్గా తెలియదు. బస్సు నడిపేవాడట. ఆమె భర్త వాచీలు బాగుచేస్తాడు. ఇద్దరికీ పార్కిన్సన్స్, ఆ వణుకుడు జబ్బే. మెదడులో కొత్త కణాలు నాటే వైద్యాన్ని పరీక్షిస్తున్నామని డాక్టర్లు అంటే ఇద్దరూ ఒప్పుకున్నారు. ఒకే వారంలో ఇద్దరి తలలకూ ఆపరేషన్ అయింది.

నాటిన కణాల్ని ఒళ్లు పరాయివనుకుని చంపేయకుండా ఈ మాత్రలు.

"ఇవి మొదలెట్టినప్పట్నుంచీ ఒకటే దగ్గు చెల్లెమ్మా. ఒంట్లో కాపలావాళ్లందర్నీ నిద్రపుచ్చేస్తున్నాయి."

"నిద్రపుచ్చకపోతే కణాలు బతకవు. మా ఆయన్ని చూడండి, నిన్న వాచీలో ముల్లు బిగించారు!"

డ్రైవరు తన చేతులకేసి చూసుకున్నాడు. పట్టుకున్న గ్లాసులోంచి నీళ్లు ఒలుకుతున్నాయి.

"నా బండి ఇంజను ఆపినా ఊగుతూనే ఉంది."

"మందు పారేస్తే ఊగక ఏం చేస్తుంది? ఇంత వయసొచ్చి చంటిపిల్లాడి వేషాలా? నోరు తెరవండి."

అతను నవ్వాడు.

"మా ఆవిడ పోయాక నన్ను తిట్టినవాళ్లే లేరు."

ఆమె అట్టలోంచి తీసిచ్చిన రెండు మాత్రలూ మింగాడు.

"ఇంక ఒక్కటి కూడా పారేయకూడదు."

"నీ మీద ఒట్టు."

మరుసటి నెల ఆయాసపడుతూ వచ్చాడు. జేబులోంచి ఖాళీ మాత్రల అట్టలు తీసి గొప్పగా చూపించాడు.

"చూశావా? ఒక్కటీ మానలేదు."

"మా మంచి అన్నయ్య!" అంటూనే, ఆ దగ్గు ఎక్కడ అంటుకుంటుందోనని ఆమె భర్తని రెండు కుర్చీల అవతలికి జరిపింది.

ఆపై నెల అతను రాలేదు.

"న్యుమోనియా. ఒంట్లో తట్టుకునే శక్తి లేకపోయింది, పోయారు," అంది డాక్టరు.

ఆమె అతను కూర్చునే కుర్చీకేసి చూసింది.

"ఇంకొన్నాళ్లు ఉంటే కణాలు నిలదొక్కుకునేవేమో..."

డాక్టరు ఫైలు తెరిచింది.

"పరీక్ష ముగిసింది. ఎవరికి ఏం చేశామో రాసి పెట్టిన కవర్లు నిన్ననే విప్పాం. సగంమందికి తలకు రంధ్రం చేసి ఊరికే మూసేస్తామనీ, మాత్రలు మాత్రం అందరికీ ఇస్తామనీ సంతకాల నాడే చెప్పాం, గుర్తుందా? వాళ్లతో పోల్చి చూస్తేనే మీ ఆయన చెయ్యి నిలిచింది వైద్యం వల్లేనని తేలేది."

ఆమెకు ఆ మాటే గుర్తులేదు. ఆపరేషన్ అయిందంటే కణాలు పెట్టారనే అనుకుంది.

"మరి మా డ్రైవరన్నయ్య?"

"ఆయన తలలో మేం ఏమీ పెట్టలేదమ్మా."