భుజం పట్టి తెచ్చినవాడు

నూకరాజును ఎవరో భుజం పట్టి నడిపించుకుని రావడం సత్యవేణి వాకిట్లోంచి చూసింది.

మొగుడి కాళ్లు తడబడుతున్నాయి. నోటి వెంట చొంగ కారుతోంది.

"మళ్లీ మొదలెట్టేవా? అంతర్వేది సామి మీద ఒట్టేసేవు కదయ్యా! సామితోనే ఆటలా?"

నూకరాజు అరుగు మీద కూలబడ్డాడు.

అది 1978. రాజోలు దగ్గర ఆ ఊళ్లో వరిచేలకు దోమ తెగులు పట్టింది. పురుగుమందు కొట్టే నూకరాజు లాంటి కూలీలకు సాయంత్రం కల్లు పోయించడం రైతుల అలవాటు. ఒంట్లోకి పోయిన విషాన్ని కల్లు విరిచేస్తుందని నమ్మకం. అందుకే కూలీ తూలితే ఎవరూ పట్టించుకోరు.

"తాగలేదమ్మా," అన్నాడు తెచ్చిన మనిషి. "పురుగుమందు ఒంటికి పట్టింది. ఆ చొక్కా తీసేసి సబ్బుతో ఒళ్లు కడగండి. అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్దాం."

"మీరెవరండీ?"

"దేవదానం. మాది ఓడలరేవు."

"ఓడలరేవు మనిషికి మా ఊళ్లో ఏం పనండీ?"

"చేలంట తిరుగుతుంటానమ్మా."

పక్కింటి వీరాయమ్మ నవ్వింది. "తిరగడం కూడా పనేనా? సారా అమ్మే మనిషై ఉంటాడే. ముందు ఊరికే పోసి అలవాటు చేస్తారు."

సత్యవేణి అతని సంచి లాక్కుని వెతికింది. సబ్బు, తువ్వాలు, ఉతికిన చొక్కా.

"సీసా ఎక్కడ దాచేరండీ?"

"సీసా లేదమ్మా."

"ఇంకోసారి మా ఆయన పక్కన కనిపిస్తే చీపురు తిరగేస్తానండీ. ఆయ్!"

దేవదానం సబ్బు అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు.

పొద్దుటికి నూకరాజు తేరుకున్నాడు. "తాగలేదే," అన్నాడు. సత్యవేణి నమ్మలేదు. మొగుడు పనిచేసే చేని రైతు సత్తియ్యతో చెప్పి దేవదానాన్ని ఊరి పొలిమేర దాటించింది.

ఆ వారంలోనే నూకరాజు చేనుగట్టు మీద పడిపోయాడు.

"బాగా పట్టించినట్టున్నాడు," అనుకుంటూ జనం దాటిపోయారు.

పొద్దు వాలాక సత్యవేణి వెతుక్కుంటూ వెళ్లింది. ఎడ్లబండిలో రాజోలు, అక్కణ్నుంచి కారులో అమలాపురం.

అప్పటికే ప్రాణం పోయింది.

డాక్టరు నూకరాజు కనురెప్ప ఎత్తి చూశారు. "కంటిపాప ఆవగింజంత అయిపోయింది. ఇది కల్లు కాదమ్మా, పురుగుమందు. పడగానే తెస్తే బతికేవాడు. మందు పట్టినవాళ్లను ఇక్కడికి తెచ్చే దేవదానం మీ వైపు తిరుగుతుంటాడే, రాలేదా?"

"సారా అమ్ముతాడని తరిమేసేమండీ," అంది సత్యవేణి. "ఎవరండీ ఆయన?"

డాక్టరు కనురెప్ప మూసి అన్నారు.

"పోయినేడు సొంత తమ్ముడు ఇలాగే గట్టు మీద పడుంటే, తాగేడనుకుని దాటుకుపోయిన అన్న."