తర్జుమా

బోధకుడు కన్నడంలో ఒక వాక్యం చెప్పి ఆగాడు. దాన్ని తెలుగులో చెప్పవలసిన యేసేపు నోరు తెరవలేదు.

ఆదోనిలో క్రైస్తవ సంఘంవారు పందిరి వేసి జరుపుతున్న సభలకు అది చివరి సాయంకాలం. బోధకుడు బళ్ళారి వైపు నుంచి వచ్చిన పేరు మోసినవాడు. పందిట్లోని మిల్లు కూలీలకు కన్నడం రాదని, బళ్ళారిలో చదువుకొని వచ్చిన బడిపంతులు యేసేపుకు పక్క మైకు అప్పగించారు. ఇంతసేపూ తర్జుమా సాఫీగా సాగింది. ఇప్పుడు వచ్చిన వాక్యాన్ని మాత్రం అతడు తెలుగు చేయలేకపోయాడు. విశ్వాసం ఉన్నవాడు రోగం వచ్చినా మందు ముట్టడు, మందు మింగేవాడు దేవుణ్ణి నమ్మనట్టే అన్నాడాయన.

ముందువరుసలో చాపమీద సిద్దమ్మ కూర్చుని ఉంది. పత్తి జిన్నింగు మిల్లులో కూలి. క్షయ. ఆమెను ఆసుపత్రికి వెంటబెట్టుకొని పోయి మాత్రలు ఇప్పించింది యేసేపే. దగ్గులో నెత్తురు పడటం ఈమధ్యే ఆగింది. నడుమ మానితే రోగం మళ్ళీ తిరగబెడుతుందని, అప్పుడు మందు కూడా పట్టకపోవచ్చని డాక్టరు అతనితోనే చెప్పాడు.

ఇది తప్పు అని మైకులో ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ వేదికమీదనే సంఘ పెద్ద మార్కయ్య ఉన్నాడు. అభిషేకం పొందినవాని బోధను నలుగురిలో తప్పుపట్టే హక్కు విశ్వాసికి లేదని, ఏదైనా ఉంటే చెవిలో చెప్పుకోవాలని ఆయన ఆ ఉదయమే అందరినీ హెచ్చరించాడు. యేసేపు కాదనలేదు. అది వినయమని తనకు తాను నచ్చజెప్పుకొన్నాడు. వినయానికి కాళ్లు వణకవని ఇప్పుడు తెలుస్తోంది.

"ఏమప్పా, మాట అందలేదా?" మార్కయ్య వెనకనుంచి మెల్లగా అడిగాడు.

"అందిందన్నా." యేసేపు మైకు దగ్గరికి వంగాడు. "దేవుణ్ణి నమ్మండి. మందులు మాత్రం మానుకోవద్దండి. ఆ మందు కూడా ఆయన ఇచ్చినదే."

జనం ఆమెన్ అన్నారు. బోధకుడు అది తన మాటకే వచ్చిందనుకొని అదే సంగతి మరింత గట్టిగా చెప్పాడు. యేసేపు దానికి మరింత గట్టిగా ఎదురు చెప్పాడు, ఆయన పేరుతోనే. ఒకే వేదికమీద రెండు బోధలు ఒకదానికొకటి తగలకుండా నడిచిపోయాయి. ఎవరి పరువూ పోలేదు, ఎవరి ప్రాణమూ పోదు. అయినా చెవులదాకా వేడెక్కిన ముఖాన్ని ఎక్కడ దాచుకోవాలో అతనికి తోచలేదు. చెబుతున్నది సత్యమే. చెబుతున్న తీరు మాత్రం దొంగసొత్తు చేతులు మార్చినట్టుంది.

సభ ముగిశాక బోధకుడు అతని భుజం తట్టి, నా మనసును అచ్చంగా పలికించావని కన్నడంలో మెచ్చుకొన్నాడు. వచ్చే ఏడు కూడా తర్జుమా నీదేనన్నాడు మార్కయ్య. యేసేపు ఇద్దరికీ చేతులు జోడించాడు. జోడించిన ఆ చేతులను చూస్తే తనకే రోత పుట్టింది.

పందిరి వెనక సందులో సిద్దమ్మ ఎదురుపడింది. ఆమె ముఖం తేటగా ఉంది. అది చూసి అతని మనసు కాస్త కుదుటపడింది.

"ఇన్నావు గదా సిద్దమ్మా. మందు మానొద్దని అంత పెద్దాయనే సెప్పినాడు."

"ఆయప్ప సెప్పలేదు అయివారూ. మీరు సెప్పినారు."

యేసేపు అడుగు ఆగిపోయింది.

"నా పుట్టినూరు హొళగుంద. కన్నడం మా ఇంటి మాట," అందామె, తప్పు తనదే అయినట్టు మెల్లగా. "ఆయప్ప మానమన్న్యాడు. మీరు తిప్పి సెప్తిరి. నేను రెండూ ఇంటాంటి."

అతడు తల ఎత్తలేకపోయాడు. ఆయన బోధ శుద్ధ తప్పని, ఆ మాట అక్కడే అనలేకపోవడం తన పిరికితనమని, మాత్రలు ఒక్కపూట కూడా మానవద్దని వేడుకొంటున్నట్టు చెప్పాడు. చెబుతూనే, ఎవరైనా వింటున్నారేమోనని సందు చివరిదాకా ఒకసారి చూశాడు.

ఆ చూపును సిద్దమ్మ గమనించింది. పసివాణ్ణి చూసినట్టు జాలిగా నవ్వింది.

"నాకోసరం ఇప్పుడు ఇట్ల సెప్తాండారు గానీ, మీరు తప్పును తప్పనేకి జంకే మనిషా అయివారూ? తప్పయింటే ఆడనే తప్పని సెప్పుందురు. దాసినారంటే ఆయప్ప మాట నిజమే అనుకొని, కొంగులో ఉండే మాత్రలన్నీ మోరీ కాలవలో పారేసి వస్తాండాను."