తడిక తీసిందెవరు?

“పెరటి తడిక ఎవులు తీసినారే?”

జగన్నాధం అరిచిన అరుపుకి కోళ్లన్నీ గోడెక్కేశాయి.

పశువుల శాలలో పెయ్య నేలకి అతుక్కుపోయి ఉంది. పాలపళ్లయినా ఊడని పెయ్య. దాని పక్కనే తడితడిగా ఒక దూడ. పొద్దున్నే పేడ తీయడానికి వెళ్లిన రాజకుమారి చూసేదాకా అది చూడిదన్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. పొట్ట పెరుగుతుంటే మేత ఒంటబడుతోందని మురిసిపోయాడు ఆమె మొగుడు జగన్నాధం. కాస్త ఎదిగాక జెర్సీ సూది వేయించి మంచి పాడి చేసుకుందామని వాడి ఆశ. ఇప్పుడు ఆ పెయ్య బతికి లేస్తే అదే పదివేలు. లేవబోతుంది, ముందుకాళ్ల మీద కూలబడుతుంది.

“నన్నడుగుతావేటి? నాను తీయనేదు,” అంది రాజకుమారి. “ఎర్రన్న కోడె మన పెరటెనకాలే ఉంటాది. ఆడినడుగు.”

అడగడానికే వెళ్లాడు, దుడ్డుకర్ర పట్టుకుని. పక్కింటి ఎర్రన్న నోట్లోంచి వేపపుల్ల తీయకుండానే జవాబు చెప్పాడు.

“నాది కోడేటి బావా, ఎద్దు. విత్తులు కొట్టించీసి ఎన్నాళ్లయిపోనాది. ఊరి మీద తిరుగుతన్నాది సూడు, అచ్చేసిన ఆంబోతు. దాని పనే ఇది.”

అసలే మండుతున్నవాడికి ఆజ్యం పోసినట్టయింది. ఎవడో పోయినవాళ్ల పుణ్యానికని కోడెదూడకి అచ్చేసి వదిలేస్తాడు. అది బలిసి ఊరి చేలన్నీ మేసేస్తుంది. ఇదేమిటని అడగడానికి దానికి యజమాని ఉండడు. దేవుడి సొమ్మట!

“దాన్నెవుడొదిలినాడురా?”

“నాకేటి తెలుసు బావా. ఎక్కడినించో ఒచ్చినాది.”

“ఎవుడైతే ఏటి? ఆడి అయ్య సొర్గానికెల్తాడని ఒదిలీసుంటాడు ఎదవ. నా పెయ్య ఉసురు తగిలి ఆ ముసిలోడు నరకంలో పడాల.”

అదే తిట్టు దారి పొడుగునా తిట్టుకుంటూ ఇంటికొచ్చాడు. చూస్తే పెరటి తడిక బార్లా తీసి ఉంది. ఆంబోతు తొట్టిలో మూతి పెట్టి, పండక్కొచ్చిన అల్లుడిలా తీరిగ్గా కుడితి తాగుతోంది. శాలలో పెయ్య మళ్లీ లేవబోయి మళ్లీ కూలబడింది. జగన్నాధానికి ఒళ్లు తెలియలేదు. కర్ర ఎత్తాడు.

తల్లి దాలమ్మ ఖాళీ బకెట్టుతో అడ్డంగా వచ్చి నిలబడింది.

“తప్పుకోయే అమ్మా. ఇయాల దీని నడుం ఇరగ్గొట్టకపోతే నాను మొగోడినే కాను.”

“తడిక తీసింది నానేరా. రోజూ తీస్తన్నాను.”

కర్ర గాల్లోనే ఆగింది గానీ కోపం ఆగలేదు.

“నీకు మతుండే తీసినావా? దీన్ని ఇంట్లోకి పిలిసి కుడితెడతావా? పెయ్య సచ్చిపోతే ఎవులిస్తారు? ఎవుడో సచ్చిన ముసిలోడి పేరు సెప్పి ఒదిలిన ఆంబోతుకి నువ్వెందుకే సాకిరీ సెయ్యాల? ఆ ముసిలోడు నీకేటవుతాడు?”

దాలమ్మ వెనక్కి తిరిగి ఆంబోతు మూపురం మీద చెయ్యి వేసింది.

“నా మొగుడవుతాడురా. శ్రీకూర్మంలో మీ అయ్య దినానికి నువ్వే అచ్చేసి ఒదిలిన దూడ, పెద్దదై ఇల్లెతుక్కుంటా ఒచ్చీసినాది.”