నీళ్ల పందెం

"నాకొద్దు! నేన్ తాగ!"

సంధ్య తోసిన తోపుకు గ్లాసు కిందపడింది. గదంతా నీళ్లు.

ఏడేళ్ల కూతురి వీపు మీద ఒక్కటి వేసింది ఊర్మిళ. వేసి, తనే ఏడ్చింది.

ఏడవక ఏం చేస్తుంది? తప్పు తనదే.

కరోనా కేసు వచ్చిందని మరమగ్గాల పేట వడోద్‌లో వాళ్ల సందుకు రెండువైపులా వెదురు బొంగులు కట్టేసి అప్పటికి పదహారు రోజులు. మూడో అంతస్తులో ఒకటే గది, ఒకటే కిటికీ. పద్నాలుగు గదులకు కింద రెండే పాయిఖానాలు. అక్కడికి పోతే కరోనా అంటుకుంటుందన్న భయంతో, "నీళ్లు తక్కువ తాగు బిడ్డా, కిందికి పోవుడు తప్పుతది" అని సంధ్యకు నేర్పింది తనే. పిల్ల బుద్ధిగా నేర్చుకుంది.

వారం తిరక్కముందే మూత్రంలో మంట, చలిజ్వరం. డాక్టర్ ఫోన్లోనే మందులు చెప్పి, ఒక మాట గట్టిగా చెప్పాడు. రోజుకు ఆరు గ్లాసుల నీళ్లు తాగాలి. జ్వరం తిరగబెడితే ఆస్పత్రిలో చేర్చాల్సిందే. తల్లిని లోపలికి రానిస్తారన్న నమ్మకం లేదు.

మందులు దిగాయి. నీళ్లు మాత్రం దిగలేదు.

"తాగితే కిందికి పోవాలె. పోతే కరోనా వస్తది. నువ్వే చెప్పినవ్ గద మమ్మీ!"

ఊర్మిళ కిందపడ్డ గ్లాసు తీసి మళ్లీ నింపింది.

ఆ మధ్యాహ్నమే ఎదురు బిల్డింగ్ కిటికీలో ఒకాయన కనిపించాడు. పిల్ల గ్లాసు తోసెయ్యడం చూసినట్టున్నాడు.

అరవై ఏళ్లుంటాయి. ముఖం ఉబ్బి ఉంది. పిడికిలి బిగించి, బొటనవేలు నోటి దగ్గర పెట్టి సంధ్యకు సైగ చేశాడు. తర్వాత స్టీలు గ్లాసు చూపించి, వేళ్లతో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి గటగటా ఎత్తేశాడు. గ్లాసు బోర్లించి చూపించాడు. చుక్క లేదు.

సంధ్య కళ్లు మెరిశాయి.

"చీటింగ్! తాత జల్దీ తాగిండు. మమ్మీ, నాకో గిలాస నీళ్లియ్యి!"

రెండో పందెం సంధ్య గెలిచింది. ఆయన నెత్తి బాదుకున్నాడు. పిల్ల పడీపడీ నవ్వింది. ఆ గదిలో నవ్వు వినపడి ఎన్నాళ్లయిందో!

సాయంత్రానికి ఆరు గ్లాసులు పూర్తి. కిందికి పోవడానికి కూడా పేచీ పెట్టలేదు. నాలుగు రోజులు అలాగే గడిచాయి. ఊర్మిళ ఆయనకు చేతులెత్తి దండం పెట్టేది. ఆయన మాట్లాడడు, నవ్వుతాడు.

చిక్కల్లా ఊర్మిళ భర్త సోమలింగంతో వచ్చింది.

ఇరవై ఏళ్లుగా సాంచెలు నడిపిన మనిషి. మరమగ్గాల రొదలో నోటిమాట వినపడదు కాబట్టి అక్కడ అన్నీ సైగలే. పోగు తెగితే ఒక సైగ, సేఠ్ వస్తే ఒక సైగ. బొటనవేలు నోటి దగ్గరికి పోయిందంటే మాత్రం మందు పార్టీ అని అర్థం. ఇంకో అర్థం సోమలింగానికి తెలియదు.

"గది నీళ్లనుకుంటున్నవా?" అన్నాడు భార్యతో. "ముఖం జూడు ఎట్ల ఉబ్బిందో. నడిస్తే తూలుతుండు. గట్ల ఒక్క గుక్కల ఎవడన్న నీళ్లు తాగుతడా?"

"ఏదన్న తాగనియ్యి. మన పిల్ల తాగేది నీళ్లే గద!"

"ఇయ్యాల నీళ్లు. రేపు?"

మందు నిషేధమున్న రాష్ట్రంలో, అదీ లాక్‌డౌన్‌లో, తనకు నెల్లాళ్లుగా దొరకని సరుకు ఎదుటివాడు గంటకో గ్లాసు లాగిస్తున్నాడన్న కడుపుమంట కూడా ఆ కోపంలో కొంత ఉంది.

"ఓ కాకా! శరం లేదా? చిన్నపిల్లకు తాగుడు నేర్పుతవా?" అని కిటికీలోంచి కేకేశాడు.

ఆయనా సాంచెల మనిషే. ఏళ్ల తరబడి సాంచెల మధ్య నిలబడ్డవాళ్లకు వినికిడి పోవడం మామూలే. ఆయనకేం అర్థమైందో, నవ్వుతూ మళ్లీ గ్లాసెత్తాడు.

సోమలింగం కిటికీ రెక్కలు ధన్‌మని మూసి, నూలు పోగులు పేని గట్టిగా కట్టేశాడు.

ఏప్రిల్ ఎండకు గది ఉడికిపోయింది. గాలి లేదు, వెలుతురు లేదు, నవ్వూ లేదు. సంధ్య మళ్లీ పళ్లు బిగించింది. బతిమాలినా, కొట్టినా గుటక వెయ్యలేదు.

నాలుగో రోజుకు ఒళ్లు కాలిపోయింది.

ఊర్మిళ మొగుణ్ణి అడగలేదు. కత్తెరతో ఆ పోగులు కత్తిరించి కిటికీ బార్లా తెరిచింది.

"ఆయన సారా తాగనియ్యి, విషం తాగనియ్యి. నా బిడ్డకు గా మనిషే కావాలె!"

ఎదురు కిటికీ మూసి ఉంది.

సంధ్య నిండు గ్లాసు పట్టుకుని నిలబడింది. "తాతా! ఓ తాతా!"

ఆ పిలుపుకు, ఆయన పక్కగదిలో ఉండే లలితమ్మ తన కిటికీలోకి వచ్చింది.

"అంబదాసన్న లేడమ్మా. నిన్న పొద్దుగాల పానం పోయింది. ఆస్పత్రికి తోలుకపోదామంటే బండే దొరకలే."

"కరోనానా అక్కా?" అని అడిగింది ఊర్మిళ.

"కాదు. ఎన్కటి బీమారే. రెండు రోజులు మీ కిటికీ దిక్కే జూసుకుంట కూసున్నడు. పిల్ల నీళ్లు తాగుతుందా అని సైగ జేసి నన్నడిగిండు. తాగుతుందనే చెప్పిన."

సంధ్యకేం తెలిసిందో ఏమో. ఎవరూ ఒకటి, రెండు లెక్కపెట్టకుండానే గ్లాసంతా తాగేసింది.

ఊర్మిళ కూతుర్ని దగ్గరికి తీసుకుంది. సోమలింగం వెనక నిలబడి చూస్తున్నాడు. అయినా నోరు ఊరుకోలేదు.

"పొద్దుమాపు గట్ల మందు తాగితే బీమారి రాకుంట ఎట్లుంటదక్కా?"

"మందెక్కడిదయ్యా!" లలితమ్మ కళ్లు తుడుచుకుంది. "కిడ్నీలు రెండూ చెడిపోయి, దినానికి రెండు గిలాసల నీళ్లు దాటొద్దని డాక్టర్లంటే, నాలుక పిడచగట్టుకపోంగ, పొద్దంత గా పిల్ల ముంగట ఉత్త గిలాసనే ఎత్తిండు."