ఇంకా కుదరలేదు

ఎండనపడి వచ్చిన చుట్టాలు హాల్లో ఉసూరుమంటున్నారు. కానీ అత్తయ్య కుదిరిందంటే గానీ ఫ్రూట్ పంచ్ హాల్లోకి వెళ్లకూడదు. ఈ ఇంటి పద్ధతది.

మొదటి గ్లాసు అత్తయ్య గదికి తీసుకెళ్తే, "కూర్చో, చూసి చెప్తా" అని ఫ్యాన్ ముందు కుర్చీ చూపించింది. గుటకగుటకకీ ఆగుతూ తాగి, పులుపెక్కువంది. రెండోసారీ అంతే. కూర్చోబెట్టి, నిదానంగా తాగి, తీపెక్కువంది.

పొద్దుట్నుంచీ నిలబడి కాళ్లు పీకేస్తున్నాయి. ఒళ్లుమండి మూడోసారి ఉత్త మంచినీళ్లలో పుచ్చకాయ ముక్కలు పడేసి ఇచ్చాను.

అత్తయ్య ఓ గుక్క తాగింది. "ఇంకా కుదరలేదు. కూర్చో."

"అవి ఉత్త నీళ్లత్తయ్యా."

"తెలుసు" అంటూ ఫ్యాన్ నా వైపు తిప్పింది. "కుదిరిందన్నానంటే ఇక నువ్వు కూర్చునేదెప్పుడు?"