ప్రసారం ఆగిపోయింది

నల్లటి తెర మీద మళ్ళీ అదే మాట వచ్చింది. అనుమతి లేదు.

“నా రేడియోకి నాకే అనుమతి లేదా?” అని అనౌన్సరమ్మ కంప్యూటర్ మీద కస్సుమంది.

ఆమె పనిచేసిన రేడియో స్టేషన్ మూతపడింది గానీ ఆమె గొంతు మూతపడలేదు. ఇంటర్నెట్‌లో సొంత రేడియో పెట్టుకుందామని ఒక లినక్స్ సర్వర్ తీసుకుంది. ప్రసారం చేసే సాఫ్ట్‌వేర్‌ని ఎవరైనా ఉచితంగా తెచ్చుకుని వాడుకోవచ్చు. దాన్ని సర్వర్‌లోకి ఎక్కించడమే రావాలి. సాయంత్రం నుంచి వినండంటూ పాత శ్రోతలందరికీ చెప్పేసింది కూడా.

ఆ విద్య తెలిసిన మనిషి ఆమెకి ఒక్కడే ఉన్నాడు. ఖర్మకొద్దీ ఆయన మొగుడు. మాటా మాటా పెరిగి, రెండు వీధుల అవతల అక్కగారింటికి పోయి కూర్చున్నాడు. ఈమె రమ్మనలేదు, ఆయన వస్తాననలేదు.

ఇక తప్పక ఫోన్ చేసింది. ఎత్తింది ఆడపడుచు.

“వదినా, ఆయనున్నారా? పని మీదే చేశాలెండి.”

“పని లేకపోతే చెయ్యకూడదా తల్లీ? ఉండు, ఇస్తున్నా.”

“చెప్పు,” అన్నాడాయన గొంతు సవరించుకుని.

“అనుమతి లేదంటోంది.”

“ముందు సుడో అని కొట్టావా?”

“అంటే?”

“యజమాని హోదాలో అడుగుతున్నానని చెప్పడం. అది లేకపోతే సర్వర్ నిన్ను దారినపోయే మనిషి కింద జమకడుతుంది.”

“ఇంట్లో హోదా చూపిస్తే మనుషులు గడప దాటి వెళ్ళిపోతారు. సర్వరే నయం.”

అనౌన్సరమ్మ నాలుక కరుచుకుంది.

“కొట్టు,” అన్నాడు ముభావంగా.

కొట్టింది. తెర మీద అక్షరాలు వానచినుకుల్లా జలజలా కిందికి జారాయి. ఆయన ఒక్కో ఆజ్ఞనీ అక్షరం అక్షరం విడదీసి, నిదానంగా చెబుతున్నాడు. ఇంట్లో ఉన్నప్పుడు ఆ నిదానమే ఆమె ప్రాణం తీసేది. ఇప్పుడేమో ఈ ఆజ్ఞలు ఇంకాస్త పొడుగ్గా ఉంటే ఏం పోయింది అనిపించింది.

సాఫ్ట్‌వేర్ ఎక్కింది. పాట మాత్రం బయటికి రాలేదు.

“పాట పంపే ప్రోగ్రాముకీ సర్వర్‌కీ ఒకటే పాస్‌వర్డ్ ఉండాలి. తేడా వస్తే రెండూ మాట్లాడుకోవు. ఏం పెట్టావు?”

“అది చెప్పేది కాదు.”

“చెప్పకపోతే ఎలా సరిచెయ్యను?”

“గురక,” అంది చిన్నగా.

ఆయనకి ఆమె పెట్టిన ముద్దుపేరు అది. అవతల దగ్గో నవ్వో తెలియని చప్పుడొకటి వినిపించింది.

“ఇంగ్లీషులోనే కొట్టావుగా? మొదటి అక్షరం పెద్దదా, చిన్నదా?”

“ఒకచోట పెద్దది, ఒకచోట చిన్నది పడ్డట్టుంది.”

“రెండుచోట్లా పెద్దదే పెట్టు. కాస్త గౌరవంగా ఉంటుంది.”

ఆమె ఫక్కున నవ్వేసింది. ఇంతలో ఫోన్‌లో ఆడపడుచు కేక వినబడింది. “ఆ చెప్పేదేదో వెళ్ళి చేసి రారాదుట్రా? ఎంత దూరం గనక!”

“పిలిస్తే కదక్కా.” ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టుకున్నా ఆ మాట ఆమె చెవిన పడనే పడింది.

రమ్మనే మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. “ఆఁ, పాట వెళ్తోంది,” అని మాత్రం అంది.

“అయితే ఈ ఒక్క ఆజ్ఞ కూడా కొట్టెయ్. కరెంటు పోయొచ్చినా అదే లేచి పాట అందుకుంటుంది. ఇక నీకు నాతో పనుండదు.”

కొట్టింది. ఫోన్ పెట్టేశారు.

సాయంత్రం మైకు ముందు కూర్చుని శ్రోతలకి నమస్కారం చెప్పింది. ఒక వేణువు రికార్డు పెట్టింది. వినిపిస్తోందమ్మా, మీ గొంతు విని ఎన్నాళ్ళయిందో అంటూ ఒకరి తర్వాత ఒకరు సందేశాలు పంపారు. సంతోషమే. కానీ ఆ సంతోషం ఎవరికి చెప్పుకోవాలి? వంటింట్లోకి వెళ్ళింది. రెండు గ్లాసులు తీసి, ఒకటి మళ్ళీ లోపల పెట్టేసింది. పాట వస్తుంటే పక్కన శ్రుతి తప్పి కూనిరాగం తీసే మనిషి లేకపోతే, ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని ఆమె ఏనాడూ అనుకోలేదు.

వచ్చి తెర వంక చూసింది. అంతా సవ్యంగా ఉంది. చిన్న తప్పు కూడా లేదు.

“ఒక్కసారైనా ఆగి చావొచ్చుగా!” అని సర్వర్‌ని తిట్టింది.

అది ఆగలేదు. అనౌన్సరమ్మే గదిలో స్పీకర్ నోరు నొక్కేసి, ఫోన్ తీసింది. ఈసారి ఆయనే ఎత్తాడు, మొదటి మోతకే.

“ఏమండీ, ప్రసారం ఆగిపోయిందండీ. ఏం చేసినా లేవట్లేదు. ఇది ఫోన్‌లో చెబితే అయ్యేలా లేదు,” అంది గబగబా.

“అవునవును, నేనూ అదే చూస్తున్నా. ఇక్కడా చిన్న చప్పుడు కూడా రావట్లేదు. పెద్ద చిక్కే వచ్చినట్టుంది. చెప్పులేసుకుంటున్నా, నేనే వచ్చి చూస్తా,” అన్నాడాయన, అవసరమైన దానికంటే చాలా గట్టిగా.

అంత గట్టి గొంతు వెనకాల, ఆమె పెట్టిన వేణువే హాయిగా మోగుతోంది.