వరండాలో నడక

“మళ్ళీ వణికింది. ఇంకా అనుమానమేనా మీకు?” అంది ఆమె, మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే.

సంతాన సాఫల్య కేంద్రంలో ల్యాబ్ ఆమెది. వెంట్రుక కన్నా సన్నటి గాజుసూదితో అండాన్ని గుచ్చాలి. సూది కాస్త అదిరిందంటే ఎవరి ఆశో అక్కడితో సరి. దంపతులకి ధైర్యం చెప్పే పక్కగది కౌన్సిలర్ వరండాలో నడిచినప్పుడల్లా నేల ఊగుతోందని, అతన్ని వెనక భవనంలోకి పంపించెయ్యమని ఆమె పట్టుబట్టింది. సంగతి తేల్చడానికి పెద్ద డాక్టరు ఈ ఇంజినీరుని పిలిపించారు.

“లెక్క ప్రకారం ఎవరు నడిచినా ఈ స్లాబు అంత ఊగదు మేడం.”

“మీ లెక్కలకి ఆ మనిషి అందడు లెండి. మెట్లెక్కుతున్నప్పుడే నాకు తెలిసిపోతుంది. ఎడమ కాలు ఈడుస్తాడు. నా తలుపు దాకా వచ్చి ఎందుకో నెమ్మదిస్తాడు. ఏడ్చేవాళ్ళకి రుమాలందించే ఉద్యోగానికి అంత నడక దేనికండీ?”

మనిషి లోపలి అలసత్వమంతా నడకలో బయటపడుతుందని ఆమె నమ్మకం. ఇంజినీరు మీదా ఆమెకు చిన్నచూపే. నేలకు అదురు కొలిచే బిళ్ళలంటించి కంప్యూటరు ముందు కూర్చునేవాడికి ప్రాణం విలువేం తెలుస్తుంది?

ఖాళీ పళ్ళెం పెట్టి పరీక్ష మొదలుపెట్టారు. ఆమె ఎప్పటిలాగే సూది మీట పట్టుకుని మైక్రోస్కోపులో చూస్తోంది. ముందు నర్సు నడిచింది. సూది నిలకడగా ఉంది. ఇద్దరి పెట్టున్న సెక్యూరిటీ గార్డు బూట్లు టకటకలాడిస్తూ నడిచాడు. అప్పుడూ అంతే. తర్వాత కౌన్సిలర్ వచ్చాడు. సూది గడగడ వణికింది.

“ఇప్పుడేమంటారు?”

“ఈయన నడకకి నేలలో ఏమీ తెలియట్లేదు మేడం. గార్డు నడకకే కాస్త ఎక్కువ చూపించింది.”

“అయితే ఆ బిళ్ళలు పీకి చెత్తబుట్టలో వేసుకోండి.”

గుమ్మంలో నిలబడ్డ పెద్ద డాక్టరు విసుక్కున్నారు. “ఇంక చాలయ్యా. రేపే ఆయన గది మార్పించేస్తాను.”

“ఒక్కసారి మళ్ళీ నడవమనండి సార్. మేడం, ఈసారి సూదిని నడిపే మీట వదిలేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని చూడండి.”

“దాంతో ఒరిగేదేముంది?” అని ఈసడిస్తూనే ఆమె చేతులు తీసేసింది.

వరండా చివర అడుగులు మొదలయ్యాయి. ఎప్పటిలాగే ఈడ్చుకుంటూ దగ్గరయ్యాయి. తలుపు ముందు నెమ్మదించాయి. ఆమె రెప్ప వాల్చకుండా చూసింది.

సూది కదల్లేదు.